ముగ్గురూ చూస్తేనే లెక్క

ఆ చలికాలం అయిపోయేలోపు నేను ఒక మనిషి గురించి సరే అనో వద్దు అనో చెప్పాలి. పెళ్ళి నాది కాదు, మా అమ్మది.

ఆ మాట చెవిన పడ్డప్పుడు నేను వంటింట్లో నిలబడి బ్రెడ్డుకి వెన్న రాస్తున్నాను. అమ్మ కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చుని, బస్టాండు మైకులో మాట్లాడే గొంతుతోనే, ఎక్కడా తడబడకుండా చెప్పేసింది.

"కాటా గారు నన్ను పెళ్ళి చేసుకుంటానంటున్నారు. మా అమ్మాయి సరే అంటేనే అన్నాను."

"నా నెత్తిన పెట్టావేంటమ్మా?"

"ఇంట్లో ఉండేది ఇద్దరం. ఇంకెవరి నెత్తిన పెట్టమంటావు?"

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో మైకులో చెప్పడం అమ్మ ఉద్యోగం. ఆమె గదికి ఆనుకుని పార్సిల్ ఆఫీసు ఉంది. అక్కడి తూకం యంత్రాన్ని సరిచూడటానికి ఒక కంపెనీ తరఫున వచ్చే మనిషే కాటా గారు. ఊళ్ళు తిరుగుతూ కొట్లలో, గోడౌన్లలో కాటాలు పరీక్షించి, బాగుంటే 'సరిచూసినది' అని గుండ్రటి స్టిక్కరు అంటిస్తాడు, లేకపోతే విప్పి బాగుచేస్తాడు. ఆయనకి ఆ పేరు పెట్టింది బస్టాండు వాళ్ళు. మా ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకోవడం తప్పని నాకెప్పుడూ అనిపించలేదు. నా గొడవల్లా వేరు. అమ్మ తప్ప నాకు ఇంకెవరూ లేరు. పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గర ఆమె ఒక కుర్చీలో, నేను ఒక కుర్చీలో కూర్చుని టీ తాగితే తప్ప నాకు రోజు మొదలవదు. అక్కడ మూడో కుర్చీ వేస్తే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు.

"ఎప్పటికల్లా చెప్పాలి?" అన్నాను.

"ఎండలు ముదిరేలోపు. కంపెనీ వాళ్ళు ఆయన్ని వేరే ఊరికి మారుస్తారట. ఇక్కడ ఇల్లూ సంసారం ఉందంటే ఉంచేస్తారు. లేకపోతే పోవాల్సిందే."

"మనిషిని చూడకుండా ఎలా చెప్పను?"

"చూడు మరి. ఆదివారం పిట్టల కోసం వెళ్తున్నారు. మనల్నీ రమ్మన్నారు."

"పిట్టల కోసమా?"

"చూడటానికేలే. తినడానికి కాదు."

నేను కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తాను. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం, ముఖానికి సరిపోయిందో లేదో చూడటం నా పని. రోజంతా మూరెడు దూరంలో ఉన్న ముఖాలే చూస్తాను. మనిషి ఎదురుపడితే నా కళ్ళు ముందు అతని కళ్ళజోడు మీదకే పోతాయి. ఆదివారం పొద్దున కారు దిగిన కాటా గారి కళ్ళజోడుకి ఒకవైపు మర పోయి, సన్నటి రాగితీగ చుట్టి ఉంది.

"ఆ తీగేంటండీ?" అన్నాను, నమస్కారం కూడా పెట్టకుండా.

"సర్దుకుపోతోందమ్మా."

"కాటాలక్కూడా ఇలాగే తీగ చుట్టి సర్దుకుపోతారా?"

ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పెట్టుకుని, తీగ వంక చూసి పెద్దగా నవ్వాడు. బట్టతల, పొట్టి మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవరు. ఆ నవ్వు నాకు నచ్చింది. అప్పుడే నచ్చిందని ఒప్పుకుంటే నా పరువేం కావాలి? మొహం ముడుచుకునే వెనక సీట్లో కూర్చున్నాను.

సీట్లో నా పక్కన చెక్కపెట్టె ఒకటి. అందులో పరీక్షకు వాడే ఇత్తడి తూకం రాళ్ళు. గతుకు వచ్చినప్పుడల్లా అవి కణకణలాడేవి. కారంతా మెషిన్ ఆయిల్ వాసన. కానీ నన్ను ఆశ్చర్యపరిచింది డ్యాష్‌బోర్డు. దాని నిండా 'సరిచూసినది' స్టిక్కర్లే, ఒకదాని పక్కన ఒకటి.

"ఇవేంటండీ, కారుని కూడా తూచారా?"

"పాతబడ్డ స్టిక్కర్లమ్మా, ఆఫీసులో పారేస్తారు. అరుదైన పిట్ట ఒకటి కనపడితే ఒకటి అంటిస్తాను. కాకులకీ పావురాలకీ కాదు."

"మీకు కనపడితేనా?"

"కారులో ఉన్న అందరికీ కనపడితే. ఒక్కడినే వెళ్తే ఒక్కడినే చూసినా చాలు. ఇద్దరు వెళ్తే ఇద్దరూ చూడాలి. ఇవాళ ముగ్గురం. ముగ్గురూ చూస్తేనే లెక్క. ఒకరికి కనపడకపోయినా రాదు."

"ఎవరు పెట్టారీ రూలు?"

"నేనే. లేకపోతే ఒక్కడినే చూసుకుని వచ్చి కనపడిందోచ్ అంటే ఎవరు నమ్ముతారు?"

అమ్మ ముందు సీట్లోంచి నా వైపు తిరిగి కళ్ళెగరేసింది. ఎలా ఉన్నాడు అని దానర్థం. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆ రోజు మేము వెళ్ళాల్సింది పాడుబడ్డ క్వారీ దగ్గరికి. కాటా గారికి అడ్డదారుల పిచ్చి ఉందని అప్పుడే తెలిసింది. తిన్నగా వెళ్తే గంటలో చేరేదానికి, ఆయనకి తెలిసిన దగ్గరిదారిలో వెళ్ళి మూడు మేకల మందల మధ్య చిక్కుకుని, చివరికి ఎవరిదో పెరట్లోకి పోయి ఆగాం. ఆ ఇంటావిడ బట్టలు ఆరేస్తూ మా వంక ఎగాదిగా చూసింది. కాటా గారు చేతులు జోడించి కారు వెనక్కి తీశాడు. తప్పు దారి పట్టామని మాత్రం చచ్చినా ఒప్పుకోలేదు.

"ఈ రోడ్డు ఎవరో మార్చేశారు," అన్నాడు.

క్వారీ చేరేసరికి అమ్మ ఫోను మోగింది. బస్టాండులో ఆమె బదులు కూర్చున్న అమ్మాయికి మైకు ఎలా ఆన్ చేయాలో తెలియట్లేదట. అమ్మ కారు దగ్గరే ఆగి, "ఎర్ర బటన్ కాదమ్మా, దాని పక్కది" అంటూ మొదలుపెట్టింది. మేమిద్దరం ముళ్ళపొదల వెంట నడిచాం.

కాటా గారు ఉన్నట్టుండి ఆగిపోయాడు. నా భుజం తట్టలేదు, వేలు చూపించలేదు. తల కొంచెం వంచి నేల వైపు చూశాడంతే. అక్కడ ఎండిన కొమ్మ ముక్క ఒకటి పడి ఉంది. నేను దాన్నే చూస్తూ, ఈయన దేనికి ఇంత బిగుసుకుపోయాడా అనుకుంటున్నాను. ఆ కొమ్మ ముక్కకి కన్ను ఉంది. అది చీమల బారు మీద వంగి నాలుక చాపింది. తర్వాత మమ్మల్ని చూసి, మెడని నెమ్మదిగా, పాములా, ఇటు నుంచి అటు మెలితిప్పింది. ఒళ్ళంతా చెట్టు బెరడు గీతలు. నా నోట్లోంచి "అమ్మో" అని వచ్చేసింది. నాకు తెలిసి అన్నది కాదు.

"మెడతిప్పుడు పిట్ట," అన్నాడు ఆయన, ఊపిరి మాత్రమే వినపడేలా. "ఎన్ని చలికాలాలు తిరిగానో దీనికోసం."

అది ఎగిరి పొదలో దూరింది. అమ్మ ఫోను పెట్టేసి మా దగ్గరికి వచ్చేసరికి అక్కడ చీమలే మిగిలాయి. ఆ పొద చుట్టూ కళ్ళు కాయలు కాచేదాకా కూర్చున్నాం. అది మళ్ళీ రాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు నేనే అడిగాను. "స్టిక్కరు అంటించరా?"

"మీ అమ్మగారు చూడలేదుగా."

"అమ్మ చూశానని అంటే ఏం పోయింది? అనమ్మా."

"చూశాను," అంది అమ్మ వెంటనే. "పచ్చగా ఉంది."

కాటా గారు నవ్వాడు కానీ స్టిక్కరు తీయలేదు. "కాటా మీద వేలు పెడితే ముల్లు కదులుతుందమ్మా. సరుకు మాత్రం పెరగదు."

ఏళ్ళ తరబడి తిరిగి చూసిన పిట్టని, ఒక ఫోను కాల్ వల్ల లెక్కలోంచి తీసేసి, ఏమీ జరగనట్టు ఈల వేస్తూ కారు నడుపుతున్నాడు. ఈయన మంచివాడా, మొండివాడా? నాకు తేలలేదు. తేలలేదు కాబట్టే మళ్ళీ ఆదివారం కూడా వెళ్ళాను.

ఆ తర్వాత చాలా ఆదివారాలు వెళ్ళాం. కొన్నిసార్లు దొరికాయి, కొన్నిసార్లు వట్టి చేతులతో వచ్చాం. తెడ్డుమూతి కొంగలు ముగ్గురికీ కనపడ్డాయి. అవి బురదనీళ్ళలో ముక్కుని అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంటే నేల తుడుస్తున్నట్టే ఉంది. ఒక స్టిక్కరు పడింది. ఒక రోజు వాన మింగేసింది. ఇంకో రోజు అమ్మ గొంతు మింగేసింది. ఇరవై బస్సుల మోతని మించి మాట్లాడటం అలవాటైన గొంతు అది, గుసగుస అంటే దానికి తెలియదు. "అదుగో ఆ కొమ్మ మీద!" అంటే ఆ కొమ్మ మీదవే కాదు, ఆ ఊళ్ళో పిట్టలన్నీ లేచిపోయేవి.

ఈలోగా కాటా గారి కళ్ళజోడుకి నేనే కొత్త మర వేశాను. అద్దం మీద గీతలు కూడా ఎక్కువగా ఉంటే మార్చేశాను. పెట్టుకుని చూసి, "అరె, చెట్లకి ఆకులున్నాయే!" అన్నాడు. ఇన్నాళ్ళూ పిట్టలెలా చూశాడో దేవుడికెరుక.

నల్ల కొంగ సంగతి చెప్పాలి. అది మా ప్రాంతానికి ఎప్పుడో గాని రాదట. చేపల చెరువుల దగ్గర కనపడిందని ఎవరో ఆయనకి చెప్పారు. మేము గట్టు మీద బోర్లా పడుకుని, ఎర్ర గేటు అవతల ఉన్న చెరువు వైపు బైనాక్యులర్స్ పెట్టాం. ఉంది! నల్లటి ఒళ్ళు, ఎర్రటి ముక్కు, నీళ్ళలో ఒంటికాలి మీద. ముగ్గురికీ స్పష్టంగా కనపడింది.

"ప్రయాణికులకు గమనిక," అంది అమ్మ, ఈసారి నిజంగానే గుసగుసగా. "నల్ల కొంగ మూడవ ప్లాట్‌ఫారం మీద నిలిచి ఉన్నది."

కాటా గారు బైనాక్యులర్స్ దించలేదు. బురద చొక్కాలోకి దిగుతున్నా కదల్లేదు. "ఎంత ఓపికో చూడు. చేప దగ్గరికి వచ్చేదాకా కదలదు. కొంగ జపం అని ఊరికే అన్నారా!"

మేము కూడా జపం మొదలుపెట్టాం. నాకు మోచేతులు మొద్దుబారాయి. ఒక చిన్న పిట్ట వచ్చి కొంగ తల మీద వాలింది. కొంగ ఏమీ అనలేదు. "చూశావా, ఎంత సాధువో," అన్నాడు కాటా గారు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. రోజూ కళ్ళు చూసేదాన్ని. ఎండ తిరిగినా దాని కన్ను మెరవలేదు. చెబుదామా వద్దా అని తటపటాయిస్తుండగా, చెరువు యజమాని ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగి, నల్ల కొంగని చంకలో పెట్టుకుని, పక్క చెరువులోకి తీసుకెళ్ళి నాటాడు.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ముందు అమ్మ మొదలుపెట్టింది, తర్వాత నేను, చివరికి కాటా గారు. గట్టు మీద దొర్లి దొర్లి, కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆయన కొత్త అద్దాలకి కూడా బురదే.

"పిట్టల్ని బెదిరించడానికి పెట్టానండీ," అన్నాడు చెరువు యజమాని, మాకు టీలు ఇప్పిస్తూ. "ప్లాస్టిక్‌ది. ఎండకి వెలిసిపోతే మిగిలిన నల్ల పెయింటు కొట్టాను. ముక్కుకి గేటు పెయింటు."

అంతా బాగానే ఉండేది. టీ తాగుతూ కాటా గారు అక్కడున్న తూకం యంత్రం వైపు చూశాడు. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు నలుగురైదుగురు దాని ముందు నిలబడి ఉన్నారు. ఆయన చూపు అక్కడే అతుక్కుపోయింది. గ్లాసు కింద పెట్టి, కారులోంచి ఒక ఇత్తడి రాయి తెచ్చి దాని మీద పెట్టాడు.

"ఇది ఎక్కువ చూపిస్తోందండీ," అన్నాడు అందరిలో. "కిలోకి చేపపిల్లంత తేడా."

కొనేవాళ్ళు గొణుగుడు మొదలుపెట్టారు. యజమాని ముఖం మాడిపోయింది. మేము లేచి వచ్చేశాం. కారు ఎక్కగానే అమ్మ అందుకుంది.

"అతను మనకి టీ ఇచ్చాడు."

"టీ ఇస్తే తూకం సరిపోతుందా మేడం?"

"సరిపోదు. పక్కకి పిలిచి చెప్పొచ్చుగా? అందరి ముందూ అలా గాలి తీసేయాలా?"

ఆయన గేరు మార్చాడు. అమ్మ కిటికీ వైపు తిరిగింది. రాళ్ళపెట్టె ఒక్కటే కణకణలాడుతోంది. నిజం చెప్పొద్దూ, నాకు లోపల్లోపల సంబరంగానే ఉంది. వద్దు అనడానికి ఒక కారణం దొరికింది. రేపు మా వంటింట్లో కూడా ఈ మనిషి ఉప్పు ఎంత ఎక్కువైందో రాయి పెట్టి చూపిస్తాడు. అమ్మ బతుకంతా ఎదుటివాళ్ళ కాటా మీద నిలబడాలి. ఈ వాక్యాలు కూర్చుకుంటూ ఇంటికెళ్ళాక ఎలా చెప్పాలా అని చూసుకుంటున్నాను.

పెట్రోలు బంకు దాటాక ఆయన కారు ఆపాడు.

"పిలిచి చెప్పొచ్చు," అన్నాడు. "నాకు తోచలేదు."

కారు వెనక్కి తిప్పాడు. ఎర్ర గేటు దగ్గర మమ్మల్ని కారులోనే ఉంచి, జేబులో స్క్రూడ్రైవరు తడుముకుంటూ లోపలికి వెళ్ళాడు. చాలాసేపటికి మోకాళ్ళదాకా బురదతో వచ్చాడు.

"ఏమన్నాడు?" అంది అమ్మ.

"తిట్టాడు. తిట్టించుకుని, బాగుచేసి, స్టిక్కరు అంటించి వచ్చాను. వచ్చేటప్పుడు మీ కొంగ భలేగా ఉందన్నాను. నవ్వాడు."

అమ్మ తన రుమాలు తీసి ఆయనకి ఇచ్చింది, అద్దాలు తుడుచుకోమని. దారిలో ఆమె కళ్ళు మూసుకుంది, నిద్రపోయిందనుకున్నాను. నేను ముందుకు వంగి, ఇన్నాళ్ళూ గొంతులో ఆగిపోయిన ప్రశ్న అడిగేశాను.

"మా అమ్మని కూడా ఇలాగే తూచి చూశారా?"

ఆయన అద్దంలోంచి నా వంక చూశాడు. "తూస్తున్నది ఆవిడ. ఎక్కి నిలబడింది నేను. రెండేళ్ళయింది, ముల్లు ఇంకా ఊగుతూనే ఉంది."

నేను కూర్చుకున్న వాక్యాలన్నీ అక్కడే చెదిరిపోయాయి.

చలి వెనకపట్టు పట్టింది. వలస పిట్టలు ఒక్కొక్కటే వెళ్ళిపోతున్నాయి. చివరిగా ఒక్కటి మిగిలిందన్నాడు కాటా గారు: పొట్టిచెవుల గుడ్లగూబ. అది చెట్టు మీద ఉండదట, గడ్డిలో నేల మీద పడుకుంటుంది. ఎలుకలు ఎక్కువగా ఉన్న ఏడాదే వస్తుంది. ఆయన కుర్రతనంలో ఒక పుస్తకంలో బొమ్మ చూసి, అప్పటి నుంచీ వెతుకుతున్నాడు. దూరంగా ఒక పాత విమానాల మైదానం ఉంది, ఇప్పుడు విమానాలు దిగవు, గడ్డి పెరిగిపోయింది. అక్కడ ఉండొచ్చని ఆయన ఆశ. ఆ ఆదివారం వెళ్ళాలనుకున్నాం, మర్నాడు సోమవారమే కంపెనీకి జవాబు చెప్పాలి. అది కూడా ఆయనే చెప్పాడు, రోడ్డు వైపు చూస్తూ, వాతావరణం గురించి చెప్పినట్టు.

ఆ ఊరి లాడ్జిలో రెండు గదులు తీసుకున్నాం. మధ్యాహ్నం భోంచేసి వచ్చాక, అమ్మ మంచం మీద కూర్చుని జడ విప్పి దువ్వుకుంటోంది. గోడకి నీటి చెమ్మ, కిటికీకి పొట్టి కర్టెను. నేను బైనాక్యులర్స్ అద్దాలు తుడుస్తున్నాను. అవి శుభ్రంగానే ఉన్నాయి.

"అడగకూడదనుకున్నాను," అంది అమ్మ. "కానీ రేపు సోమవారం."

"తెలుసు."

"నువ్వు కాదంటే నేనూ కాదంటాను. నీ మీద కోపం రాదు."

"కానీ?"

"కానీ బాధేస్తుంది." దువ్వెనలోంచి వెంట్రుకలు తీసి ఉండ చుట్టింది. "ఆయనతో ఉంటే నాకు నవ్వొస్తుందే. అంతకంటే ఏం చెప్పను?"

ఏ సంగతైనా మా అమ్మ నాకు ఇంత సూటిగా ఎప్పుడూ చెప్పలేదు. నాకు కూడా సూటిగానే చెప్పాలనిపించింది.

"నాకు భయంగా ఉందమ్మా. మీరిద్దరూ ఒకటైపోయి నేను విడిగా మిగిలిపోతానని."

"పిచ్చిదానా, నేనెక్కడికి వెళ్తాను? ఆయనే మన ఇంటికొస్తారు."

"అదే చెబుతున్నాను. కుర్చీ ఎక్కడ వేస్తాం? ఫ్రిజ్ తలుపు రాదు."

అమ్మ కాసేపు ఆలోచించింది. నిజంగానే ఫ్రిజ్ గురించే ఆలోచించింది. "ఫ్రిజ్ జరుపుదాం," అంది.

పొద్దు వాలుతుండగా మైదానం చేరుకున్నాం. పగుళ్ళు పడ్డ పాత రన్‌వే, దానికి రెండు వైపులా నడుంలోతు ఎండుగడ్డి. కాటా గారు కారు ఇంజను ఆపేసి, రన్‌వే అంచున మూడు మడత కుర్చీలు వేశాడు. మధ్య కుర్చీ నాకు చూపించాడు. "అక్కడి నుంచి బాగా కనపడుతుందమ్మా." నేను కాదని చివరి కుర్చీలో కూర్చున్నాను. అమ్మ మధ్యలో కూర్చుంది.

గాలి లేదు. గడ్డి రంగు పసుపు నుంచి బూడిదలోకి మారుతోంది. చలి మోకాళ్ళ మీదికి పాకింది. ఎదురుచూడటంలో కూడా ఒక రుచి ఉంటుందని ఆ కాలమంతా తిరిగాకే నాకు తెలిసింది. కంటికి ఏమీ కనపడని చోట ఏదో ఉండొచ్చు అనుకుంటూ చూడటం మా షాపులో ఎప్పుడూ కుదిరేది కాదు. అక్కడ ప్రతి మనిషికీ ఇదిగో ఈ అక్షరం చదవండి అంటాం. ఇక్కడ ఏ అక్షరం వస్తుందో ఎవరికీ తెలియదు.

నా బైనాక్యులర్స్ మీద ఊపిరి ఆవిరి పట్టింది. దించి, చొక్కా అంచుతో తుడిచి, అమ్మ శాలువా జారిందేమో కప్పుదామని పక్కకి తిరిగాను.

అమ్మ నోరు తెరుచుకుని ఉంది. మాట రావడం లేదు. ఇరవై బస్సుల మోతని మించే ఆ గొంతు పూర్తిగా ఆగిపోయింది. ఆమె చేయి కాటా గారి స్వెట్టరు చేతిని గట్టిగా పట్టుకుని ఉంది. పట్టుకున్నట్టు ఆమెకీ తెలియదు, ఆయనకీ తెలియదు. ఇద్దరి ముఖాలూ ఒకేసారి, నెమ్మదిగా, ఎడమ నుంచి కుడికి తిరిగాయి. ఆగాయి. కొంచెం కిందికి దిగాయి. మళ్ళీ పైకి లేచి, ఇంకా కుడికి. ఆ పిట్ట ఎక్కడ ఎగురుతోందో, ఎక్కడ గడ్డి మీదికి వాలబోయి మనసు మార్చుకుందో, ఎంత దగ్గరగా వచ్చిందో వాళ్ళ ముఖాల మీద నాకు తెలుస్తూనే ఉంది. అమ్మ ముఖం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. మూరెడు దూరంలో ముఖాలు చూడటమే పనిగా ఉన్నదాన్ని, ఈ ముఖాన్ని ఎలా చూడలేదా అనుకుంటూ చూస్తూనే ఉండిపోయాను.

తల తిప్పి చూస్తే నాకూ కనపడేది. తిప్పలేదు.

"వెళ్ళిపోయింది," అన్నాడు కాటా గారు. కళ్ళజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, జేబులోంచి స్టిక్కర్ల చుట్ట తీశాడు. తీసి ఆగాడు.

"అమ్మాయ్, నువ్వు చూశావుగా?"

అమ్మ నా వైపు తిరిగింది. చూశానని చెప్పవే అని ఆ కళ్ళు నన్ను అడిగాయి. ఆయన జీవితమంతా వెతికిన పిట్ట. నేను ఒక్క మాట అంటే చాలు. ఎవరూ పట్టుకోలేరు. ఎటు నుంచి ఎటు ఎగిరిందో కూడా సరిగ్గా చెప్పగలను.

"లేదండీ," అన్నాను.

"ఇటే చూస్తున్నావు కదా?"

"మిమ్మల్ని చూస్తున్నాను. ఇద్దర్నీ."

ఆయన స్టిక్కర్ల వంక చూసుకున్నాడు. బాధపడ్డాడు, దాచుకోలేదు. తర్వాత చుట్టని మళ్ళీ జేబులో పెట్టేశాడు. "అయితే లెక్కలోకి రాదు."

"ఈ ఒక్కసారికి అంటించేయండి!" అంది అమ్మ, అసలు గొంతు తిరిగొచ్చి. గడ్డిలోంచి ఏవో పిట్టలు బుర్రున లేచాయి. "అది నిజంగా వచ్చింది కదా!"

"వద్దమ్మా," అన్నాను. "ముగ్గురం చూడలేదు. వచ్చే చలికాలం చూద్దాం."

అమ్మ నా ముఖంలోకి పరీక్షగా చూసింది.

"ఇవి మళ్ళీ వస్తాయా?" అని నేను ఆయన్ని అడిగాను.

"చెప్పలేమమ్మా. ఎలుకల్ని బట్టి. ఎలుకలేమో వానల్ని బట్టి. ఒక్కోసారి నాలుగైదేళ్ళు రాకపోవచ్చు."

"పర్వాలేదు. వచ్చేదాకా ప్రతి చలికాలం వద్దాం. ముగ్గురం."

"అంటే ఈ మైదానమే అని కాదు, ఉత్తరం వైపు ఇంకో గడ్డినేల ఉంది, దానికి దగ్గరిదారి నాకు తెలుసు..." ఆయన చేతులు ఊపుతూ చెప్పుకుపోతున్నాడు. ఎలుకల గురించి, దారుల గురించి. ఆయన చేతిని పట్టుకున్న అమ్మ చేయి ఇంకా అక్కడే ఉంది. ఈసారి ఆమెకి తెలిసే ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు.

"ఏవండీ," అంది అమ్మ. "ముల్లు ఆగింది. కనపడటం లేదా?"

కాటా గారు మాట మధ్యలో ఆగిపోయాడు. అమ్మ వైపు చూశాడు. తర్వాత నా వైపు. కొత్త అద్దాల వెనక ఆ కళ్ళు ఎంతసేపటికీ తేరుకోలేదు. నేను లేచి మడత కుర్చీలు మడవడం మొదలుపెట్టాను, ఎవరో ఒకరు ఏదో ఒక పని చేయాలి కదా అని.

ఫ్రిజ్ జరిపాం. దాని వెనక నాన్న కాలం నాటి గోడ రంగు బయటపడింది, దాన్ని అలాగే ఉంచాం. పొద్దున్నే ముగ్గురం కిటికీ దగ్గర టీ తాగుతాం. ఉప్పు ఎక్కువైతే ఆయన నన్ను పక్కకి పిలిచి చెబుతాడు.

ప్రతి చలికాలం ఆ మైదానానికి వెళ్తూనే ఉన్నాం, ఆయన దగ్గరిదారిలో, ఎవరెవరి పెరళ్ళలోకో పోతూ. గుడ్లగూబ ఇంతవరకూ మళ్ళీ రాలేదు. డ్యాష్‌బోర్డు మీద ఒక్క స్టిక్కరు పట్టేంత చోటు ఆయన ఖాళీగా ఉంచాడు. అక్కడ దుమ్ము పడితే అమ్మ తుడుస్తుంది.